పరిశోధనా పత్రం చదవాలంటే ముందు పట్టికలు చూడండి

పరిశోధనలో చేరిన కొత్తలో, అందరూ కలిసి పేపర్లు చర్చించే జర్నల్ క్లబ్‌లో ఒక పేపర్ వివరించే వంతు నాకొచ్చింది. రెండు రోజులు కూర్చుని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివాను. తెలియని మాటలన్నీ వెతికి అంచుల్లో రాసుకున్నాను. చెప్పడం పూర్తయ్యాక ఒక సీనియర్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఎంతమందితో మొదలుపెట్టారమ్మా, చివరికి ఎంతమంది మిగిలారు?" పేపర్ నా చేతిలోనే ఉంది. జవాబు మూడో పేజీలో, మొదటి పట్టికలోనే ఉంది. ఆ పట్టిక గురించి రచయితలు రాసిన నాలుగు వాక్యాలు చదివి, అందులో ఉన్నదంతా తెలిసిపోయిందనుకుని నేను ముందుకు వెళ్లిపోయాను. దాదాపు సగం మంది మధ్యలోనే మానేసిన సంగతి ఆ నాలుగు వాక్యాల్లో లేదు.

అప్పటి నుంచి నేను పేపర్ చదివే వరస మారింది. రచయితలు ఏమంటున్నారో వినే ముందు, వాళ్లకు ఏం దొరికిందో నా కళ్లతో చూసుకుంటాను. చర్చ భాగం ముందే చదివేస్తే ఆ తర్వాత పట్టికల్లో మనకు కనిపించేది వాళ్లు చూపించినదే. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లకీ, జర్నల్‌కు వచ్చిన పేపర్ మీద మొదటిసారి రివ్యూ రాయమని ఎడిటర్ నుంచి మెయిల్ వచ్చి టెన్షన్ పడుతున్నవాళ్లకీ ఆ వరసనే ఇక్కడ చెబుతున్నాను.

తెరవగానే చేయాల్సినవి

ముందు ఆ పేపర్ ఇంకా నిలబడి ఉందో లేదో చూడండి. ఎప్పుడో దించుకున్న పీడీఎఫ్ మీద రిట్రాక్ట్ అయిన (జర్నల్ వెనక్కి తీసుకున్న) గుర్తు ఉండదు. అందుకే జర్నల్ సొంత పేజీకి వెళ్లి చూడాలి. అలా వెనక్కి తీసుకున్న పేపర్ల వివరాలుండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో, పేపర్ల మీద పాఠకులు వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్‌లో పేపర్ పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాలు పడుతుంది. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో 1998లో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. అంటే పూర్తిగా వెనక్కి తీసుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. 2020 మే నెలలో కొవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద అదే జర్నల్‌లో వచ్చిన మరో పేపర్, డేటా ఎక్కడిదో ఎవరికీ చూపించలేకపోవడంతో రెండు వారాలు తిరగకముందే రిట్రాక్ట్ అయింది. పెద్ద జర్నల్ పేరు చూసి చదవడం మొదలుపెట్టండి, కానీ ఆ పేరు చూసి నమ్మకండి.

ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్) అయితే అది ఎన్నో వెర్షనో చూడండి. ఇవి పెట్టే సైట్లలో ఆర్కైవ్ 1991 నుంచి ఉంది, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్ 2019లో వచ్చాయి. వీటిలో పెట్టిన పేపర్‌ను పీర్ రివ్యూలో (అదే రంగంలోని ఇతర పరిశోధకులు చేసే పరిశీలనలో) ఇంకా ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అంతమాత్రాన పక్కన పెట్టేయాల్సిన పని లేదు. ఆ పరీక్ష మీరే పెడుతున్నారని గుర్తుంటే చాలు.

తర్వాత పది నిమిషాలు పైపైన చదవండి. కంప్యూటర్ సైన్స్ పరిశోధకుడు ఎస్. కేశవ్ 2007లో రాసిన ఒక చిన్న వ్యాసంలో పేపర్‌ను మూడు విడతలుగా చదవమన్నారు. మొదటి విడతలో శీర్షిక, సారాంశం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు చూసి, పూర్తిగా చదవడం అవసరమా కాదా తేల్చుకోవాలి. ఇది మంచి పద్ధతి, దాదాపు ఇలాగే నేనూ చేస్తాను. ఒక్క మార్పు ఏమిటంటే, లోతుగా చదవాలని అప్పటికే తేలిపోయిన పేపర్లలో ముగింపు భాగాన్ని చివరిదాకా తెరవను.

ప్రశ్నను మీ మాటల్లో రాసుకోండి

తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఎవరి మీద చేశారు, ఏం చేశారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు, ఎంతకాలం తర్వాత కొలిచారు. ఈ అయిదూ ఒక్క వాక్యంలో పట్టకపోతే మీకింకా పేపర్ అర్థం కాలేదు, లేదా రచయితలకే ప్రశ్న స్పష్టంగా లేదు. రెండోది మనం అనుకునేదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఇందులో "ఏం కొలిచారు" అన్న దగ్గర ఆగండి. తెలుసుకోవాలనుకున్నదొకటి, కొలిచింది ఇంకొకటి అయి ఉండొచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ తప్పడాన్ని కొన్ని మందులు బాగా తగ్గించేవి. లయ తప్పడం తగ్గితే మరణాలు కూడా తగ్గుతాయని అందరూ అనుకున్నారు. నిజంగానే మరణాలను లెక్కపెట్టిన ట్రయల్ ఫలితాలు 1989లో వచ్చాయి. ఆ మందులు వాడినవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయారు. లయ తప్పడం తగ్గిందని చెప్పిన పేపర్లలో అబద్ధమేమీ లేదు, వాటిలో కొలిచింది వేరే సంగతి, అంతే.

పద్ధతుల దగ్గర ఎక్కువసేపు ఉండండి

చిన్న అక్షరాల్లో ఉంటుందని చాలామంది దాటేసే భాగమిది. నాకు వీలున్న సమయంలో సగం ఇక్కడే పెడతాను.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది: రచయితలు తామే ఏదైనా చేసి చూశారా, లేక జరుగుతున్నదాన్ని గమనించారా? బీటా కెరోటిన్ ఉన్న ఆహారం ఎక్కువ తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని గమనించి రాసిన పేపర్లు ఎన్నో వచ్చాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లను లాటరీ పద్ధతిలో గ్రూపులుగా విడదీసి, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూశారు. 1994లో వచ్చిన ఆ ఫలితాల్లో మాత్రలు తీసుకున్నవాళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. కూరగాయలు, పళ్లు ఎక్కువ తినేవాళ్లు ఇంకా ఎన్నో విషయాల్లో మిగతావాళ్లకంటే వేరుగా ఉంటారు. గమనించి రాసే పేపర్‌లో ఆ తేడాలన్నీ లెక్కలోకి దూరిపోతాయి. కాబట్టి అలాంటి పేపర్ చదువుతున్నప్పుడు, ఈ రెండు గ్రూపులూ ఇంకా ఏయే విషయాల్లో వేరుగా ఉండి ఉండొచ్చో మీరే ఆలోచించి పక్కన రాసుకోండి. రచయితలు వాటిలో ఎన్నింటిని సర్దుబాటు చేశారో తర్వాత సరిచూడండి.

లాటరీ పద్ధతిలో విడదీసిన ప్రయోగమైతే, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో కొలిచేవాళ్లకు తెలుసా లేదా చూడండి. ట్రయల్‌ను ముందే రిజిస్టర్ చేసి ఉంటే ఆ రికార్డు తెరవండి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లాంటి చోట్ల పాత వెర్షన్లు కూడా కనిపిస్తాయి. ప్రధానంగా ఏది కొలుస్తామని మొదట రాశారో, పేపర్‌లో ప్రధాన ఫలితంగా దేన్ని చూపిస్తున్నారో పక్కపక్కన పెట్టండి. రెండూ వేరైతే, ఎందుకు మార్చారో పేపర్‌లో కారణం ఉండాలి.

అర్థం కాని గణితమో, పరికరమో ఎదురైతే అక్కడే కూరుకుపోకండి. గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లి, తర్వాత తెలిసినవాళ్లను అడగండి.

పట్టికల దగ్గర పెన్సిల్ పట్టుకోండి

ఒక పేపర్ ఊహించుకుందాం. చదువుకు సాయపడే ఒక యాప్ వాడితే మార్కులు పెరుగుతాయని శీర్షిక చెబుతోంది. 120 మంది విద్యార్థులు, గ్రూపుకు 60 మంది. చివరి పరీక్షలో యాప్ వాడినవాళ్ల సగటు 68, వాడనివాళ్లది 64. పీ విలువ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే అవకాశం) 0.03. సారాంశంలో ఉన్నది ఇంతే.

ఇప్పుడు పట్టిక చూడండి. చివరి పరీక్ష రాసింది యాప్ గ్రూపులో 41 మంది, రెండో గ్రూపులో 55 మంది. ఒక పక్క 19 మంది మానేస్తే ఇంకో పక్క అయిదుగురే మానేశారు. మానేసింది ఎవరు? యాప్‌తో కుస్తీ పడలేక వెళ్లిపోయినవాళ్లయితే, మిగిలినవాళ్లు మొదటి నుంచీ పట్టుదలగా చదివేవాళ్లే అయ్యుండొచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం. మానేసినవాళ్లు కూడా పరీక్ష రాసి ఉంటే వాళ్లకు సగటున 58 వచ్చేవనుకోండి. అప్పుడు యాప్ గ్రూపు మొత్తం సగటు 64.8, రెండో గ్రూపుది 63.5. నాలుగు మార్కుల తేడా 1.3కి దిగిపోయింది. 58 అన్నది నేను అనుకున్న అంకె మాత్రమే. నిజం అదేనని ఈ లెక్క నిరూపించదు. కానీ ఈ పేపర్ ఫలితం ఎవరు మిగిలారన్న దాని మీదే ఆధారపడి ఉందని చూపిస్తుంది. మొదట ఏ గ్రూపులో వేశారో ఆ గ్రూపులోనే అందరినీ ఉంచి లెక్క కట్టారా అని అడగాల్సింది ఇందుకే.

అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో కూడా చూడండి. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. నిక్ బ్రౌన్, జేమ్స్ హెథర్స్ అనే ఇద్దరు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు, పేరు గ్రిమ్. 25 మంది ఒక ప్రశ్నకు 1 నుంచి 7 వరకు ఏదో ఒక పూర్ణాంకం జవాబుగా ఇచ్చారు, సగటు 3.47 అని పట్టికలో ఉందనుకోండి. 3.47ను 25తో గుణిస్తే 86.75 వస్తుంది. పూర్ణాంకాలను కూడితే పూర్ణాంకమే రావాలి. మొత్తం 86 అయితే సగటు 3.44, మొత్తం 87 అయితే 3.48. మధ్యలో 3.47 రావడానికి దారి లేదు. టైపింగ్ పొరపాటు కావచ్చు, ఒకరిద్దరు జవాబివ్వకపోయి ఉండొచ్చు, అంతకంటే పెద్ద సంగతీ కావచ్చు. ఏదైనా సరే, అడగాల్సిన ప్రశ్న ఒకటి మీకు దొరికింది. ఇది చిన్న శాంపుల్‌కీ, పూర్ణాంకాల జవాబులకీ మాత్రమే పనిచేస్తుంది.

గ్రాఫుల్లో రెండు చూడాలి. నిలువు గీత సున్నా నుంచి మొదలైందా, లేకపోతే ఎక్కడ మొదలైంది? నిలువు పట్టీల గ్రాఫులో ఇది మరీ ముఖ్యం. రెండోది, ఎర్రర్ బార్ (సగటుకు అటూ ఇటూ గీసే చిన్న గీత) దేన్ని చూపిస్తోంది? స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల మధ్య తేడా) 10 ఉన్న 100 మంది గ్రూపులో స్టాండర్డ్ ఎర్రర్ (సగటు అంచనాలో ఉండే అనిశ్చితి) 1 మాత్రమే. ఏది గీశారో చెప్పకపోతే ఆ గ్రాఫును బట్టి మనుషుల మధ్య తేడా ఎంతో చెప్పలేం.

డేటా బయట పెట్టి ఉంటే దించుకుని, ఒక్క పట్టికనైనా మీరే మళ్లీ కట్టి చూడండి. నేను విద్యార్థిని, నా వల్ల ఏమవుతుందని వెనకాడకండి. దేశాల అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన పేపర్‌ను ప్రభుత్వ విధానాల చర్చల్లో ఎంతోమంది ఎత్తి చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి క్లాసు పనిలో భాగంగా ఆ లెక్క మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితలనే అడిగి ఎక్సెల్ షీట్ తెప్పించుకున్నాడు. సగటు తీసే సూత్రంలో అయిదు దేశాల వరసలు చేరలేదు. కొన్ని సంవత్సరాల డేటా కూడా వదిలేశారు, సగటుకు వాడిన పద్ధతీ ప్రశ్నించదగ్గదే. తన ప్రొఫెసర్లతో కలిసి అవన్నీ సరిచేశాక, మైనస్ 0.1 శాతం అన్న సగటు వృద్ధి 2.2 శాతమైంది.

పీ విలువ చూసి ఆగిపోకండి

పీ విలువ 0.05 కంటే తక్కువైతేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న గీటు ప్రకృతి నియమం కాదు. రొనాల్డ్ ఫిషర్ 1920లలో అనుకూలంగా ఉంటుందని ఎంచుకున్నది వాడుకలో అలా స్థిరపడిపోయింది. ఫలితం నిజమయ్యే అవకాశం ఎంతో పీ విలువ చెప్పదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఒక ప్రకటనే చేసింది. అందుకని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చూపే హద్దులు) చూడండి. తేడా 4 మార్కులు, ఇంటర్వెల్ 0.3 నుంచి 7.7 వరకు అని ఉంటే, అసలు తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నదీ కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు అని అర్థం.

ఇంకో ప్రశ్న, మొత్తం ఎన్ని పోలికలు చేశారు? ఏ తేడా లేని చోట కూడా 20 వేర్వేరు పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటి 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం 64 శాతం. క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు 2009లో చచ్చిన సాల్మన్ చేపను మెదడు స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, మామూలుగా చేసే విశ్లేషణే చేశారు. ఒకేసారి వేల పరీక్షలు చేస్తున్నప్పుడు చేయాల్సిన సవరణ చేయకపోతే, చచ్చిన చేప మెదడులోనూ చలనం కనిపించింది. సవరణ చేశాక మాయమైంది.

శాతాలు కనిపించిన చోట, దేనిలో శాతమో అడగండి. ముప్పు 50 శాతం తగ్గిందంటే వెయ్యిమందిలో 400 నుంచి 200కి తగ్గినా అదే మాట, 2 నుంచి 1కి తగ్గినా అదే మాట.

మీ ముగింపు ముందు, వాళ్లది తర్వాత

ఇప్పుడు పేపర్ మూసేసి, ఈ అంకెలను బట్టి మీరైతే ఏం చెప్పేవారో రెండు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాతే చర్చ, ముగింపు భాగాలు చదవండి. మీ వాక్యాలకీ వాళ్ల వాక్యాలకీ తేడా ఉన్న ప్రతిచోటా గీత గీయండి. క్రియల మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఫలితాల్లో "సంబంధం కనిపించింది" అన్నది ముగింపుకొచ్చేసరికి "తగ్గిస్తుంది", "పెంచుతుంది" అయిపోతుంది. ఒక్క చోట చేసింది అందరికీ వర్తించేస్తుంది. కొన్నిసార్లు వాళ్లే రైటు, మీరు ఏదో చూడలేదు. అప్పుడు వెనక్కి వెళ్లి అదేమిటో కనుక్కోండి. నేను ఎక్కువగా నేర్చుకున్నది అలా వెనక్కి వెళ్లినప్పుడే.

వాదనకు ఆధారంగా చూపిన పాత పేపర్లలో ముఖ్యమైనవి ఒకటో రెండో తెరిచి, నిజంగా ఆ మాటే అందులో ఉందా చూడండి. లేకపోవడం మీరు అనుకున్నంత అరుదు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. లోపాలు పట్టడం వచ్చాక, దొరికిన ప్రతి లోపంతో పేపర్‌ను కొట్టిపారేయాలనిపిస్తుంది. లోపం లేని అధ్యయనం ఉండదు. ప్రతి లోపం దగ్గరా ఇలా అడగండి: దీనివల్ల ఫలితం మారుతుందా, మారితే ఎటువైపు? ఉన్న ప్రభావాన్ని తక్కువ చేసి చూపించే లోపం ఉండి, అయినా ప్రభావం కనిపించిందంటే ఆ పేపర్ బలం పెరిగినట్టే. "శాంపుల్ చిన్నది" అని రాసి వదిలేయడం విమర్శ అనిపించుకోదు. ఏ ప్రశ్నకు చిన్నది, ఎంత ఉంటే సరిపోయేది, ఇంత చిన్నదాంతో ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నది రాస్తే అప్పుడు విమర్శ అవుతుంది.

రివ్యూ రాయాల్సి వస్తే

ఎడిటర్ అడిగినప్పుడు ఒప్పుకునే ముందు మూడు చూసుకోండి: విషయం మీకు తెలుసా, సమయం ఉందా, రచయితలతో మీకు స్నేహమో, పోటీయో, డబ్బు సంబంధమో ఉందా. ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పేయండి. పేపర్‌లో కొంత భాగమే మీకు తెలిస్తే ఆ మాటే ఎడిటర్‌కు రాయండి, గణాంకాలు చూడటానికి ఇంకొకరిని పెట్టుకుంటారు. మీ చేతికి వచ్చిన రాతప్రతి రహస్యం. ఎడిటర్ అనుమతి లేకుండా స్నేహితులకు పంపకూడదు, చాట్‌బాట్‌లలోకి ఎక్కించకూడదు.

రిపోర్టులో మొదటి పేరా పేపర్‌ను మీ మాటల్లో చెప్పాలి. రచయిత దాన్ని చదివి "అవును, మేం చేసింది ఇదే" అనుకోవాలి. తర్వాత బాగున్నదేమిటో స్పష్టంగా రాయండి. పొగడ్త కోసం రాసే వాక్యం కాదిది. సవరణల్లో దేన్ని పోగొట్టకూడదో రచయితకు దీనివల్లే తెలుస్తుంది. ఆ తర్వాత పెద్ద అభ్యంతరాలు, ప్రాముఖ్యం వరసలో. చిన్నవి చివర్లో, క్లుప్తంగా.

ప్రతి అభ్యంతరంలో ఎక్కడ, ఏమిటి, ఎందుకు ముఖ్యం, ఏం చేస్తే తీరుతుంది అన్న నాలుగూ ఉండాలి. పైన ఊహించుకున్న యాప్ పేపర్‌కే అయితే, "విశ్లేషణ బలహీనంగా ఉంది" అని నేను రాయను. ఇలా రాస్తాను: "రెండో పట్టికలో యాప్ గ్రూపు నుంచి 19 మంది, రెండో గ్రూపు నుంచి అయిదుగురు చివరి పరీక్ష రాయలేదు. మానేసినవాళ్లు చదువులో వెనకబడినవాళ్లయితే నాలుగు మార్కుల తేడా దానివల్లే వచ్చి ఉండొచ్చు. మానేసినవాళ్ల మొదటి పరీక్ష మార్కులు చూపించి, అందరినీ మొదటి గ్రూపుల్లోనే ఉంచి విశ్లేషణ మళ్లీ చేయగలరా?" మొదటి వాక్యం చదివిన రచయితకు కోపం వస్తుంది. రెండోది చదివినవాళ్లకు రేపు పొద్దున ఏం చేయాలో తెలుస్తుంది.

తప్పనిసరి అయితే తప్ప కొత్త ప్రయోగాలు చేయమనకండి. చాలాసార్లు ముగింపులో మాటను తగ్గించుకోమంటే సరిపోతుంది. మీ సొంత పేపర్లను ఉదహరించమని అడగకండి. తీసుకోవాలా వద్దా అన్న మీ అభిప్రాయం ఎడిటర్‌కు రాసే గడిలో పెట్టండి. రచయితలకు వెళ్లే భాగంలో పేపర్ గురించే ఉండాలి.

రాశాక ఒక రాత్రి పక్కన పెట్టండి. పొద్దున మళ్లీ చదివేటప్పుడు "రచయితలకు తెలియదు", "వాళ్లు పట్టించుకోలేదు" లాంటి మాటలు కనిపిస్తే, అక్కడ మనుషులను తీసేసి పేపర్‌ను పెట్టండి: "పేపర్‌లో ఈ వివరం లేదు". పేజీ నంబర్లు, పట్టిక నంబర్లు సరిగ్గా ఉన్నాయో చూసి గడువులోగా పంపేయండి. సవరించిన పేపర్ మళ్లీ మీ దగ్గరకు వస్తే, పాత రిపోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అభ్యంతరానికి ఏం జవాబు వచ్చిందో సరిచూడండి. మొదటి విడతలో అడగని కొత్త కోరికలు రెండో విడతలో పెట్టకండి, కొత్తగా చేర్చిన భాగంలోనే తప్పు కనిపిస్తే తప్ప.